మిత్తి లెక్కలో మిగిలిపోయిన శాస్త్రం

మా నాయన దినాలనాడు, బంధువులు ఇంకా పంక్తిలో కూర్చొని తింటూ ఉండగానే, ఊళ్లో అప్పులిచ్చే ఒక ఆసామి మా అన్నను వేపచెట్టు కిందికి పిలిచి, నాలుగు మడతలు పెట్టిన ప్రామిసరీ నోటును విప్పి చూపించాడు. నోటు 83,200 రూపాయలకు ఉంది. దాని వెనక పెన్సిలుతో వేసిన లెక్క 1,73,056 దగ్గర ఆగింది. నాయన నిజంగా చేతికి తీసుకున్నది 40,000 రూపాయలు. దేవరకొండ వైపు మాకున్న నాలుగెకరాల చెల్కలో బోరు వేయించడానికి ఆ డబ్బు తెచ్చాడు, బోరులో తెల్లటి దుమ్ము లేచింది తప్ప నీళ్లు పడలేదు.

లెక్కలో తప్పు లేదు. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి, అంటే 40,000కు నెలకు 1,200. ముప్ఫై ఆరు నెలలకు 43,200. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కనుక, అసలునూ మిత్తినీ కలిపి 83,200కు కొత్త నోటు రాయించుకున్నాడు. ఆ మొత్తం మీద మళ్లీ మూడేళ్ల మిత్తి 89,856. నేను నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను. బాబిలోను రాజు హమ్మురాబి పేరునూ మనువు పేరునూ ఏటా నల్లబల్ల మీద రాసి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తుందని పిల్లలకు చెప్పి, చెరిపేసిన దాన్ని. ఆ రోజు పెన్సిలు లెక్కను చూస్తూ నిలబడినప్పుడు మాత్రం, ప్రాచీన ధర్మశాస్త్రాలు గడిచిపోయిన కాలానికి చెందినవని నేను చెప్తూ వచ్చిన పాఠం అబద్ధమని తోచింది. అవి బతికే ఉన్నాయి. అయితే పూర్తిగా కాదు, వాటిలో బలవంతుడికి పనికొచ్చే సగమే బతికి ఉంది. బాకీదారుణ్ని కాపాడే రెండో సగాన్ని ఎవరూ కావాలని కొట్టివేయకపోయినా, అడిగేవాళ్లు లేక అది రాలిపోయింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు మన నోటిలో ఉన్న మాటలనే చూడండి. వడ్డీ అనే మాట వృద్ధి నుంచి వచ్చింది. మనం చక్రవడ్డీ అంటున్నది మనుస్మృతి చెప్పిన చక్రవృద్ధే. తెలంగాణలో మేము వడ్డీని మిత్తి అంటాము. పాత తెలుగులో మృత్యువుకు కూడా మిత్తి అనే మాటే ఉంది. ఈ రెండు మాటలకూ పుట్టుకలో సంబంధం ఉందని నేను అనను, కానీ మా ఊళ్లో ఈ మాట విన్నవాళ్లకు ఆ రెండో అర్థం స్ఫురించకుండా ఉండదు. మాటకంటే ముఖ్యమైనది లెక్క కట్టే పద్ధతి. బ్యాంకు ఏడాదికి నూటికి ఏడు శాతమనో తొమ్మిది శాతమనో చెప్తుంది. ఊళ్లో అలా ఎవరూ చెప్పరు. రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి, ఐదు రూపాయల మిత్తి అంటారు, అంటే నూటికి నెలకు అని అర్థం. అర్థశాస్త్రం వడ్డీని నూరు పణాలకు నెలకు ఇంత అనే లెక్క కట్టింది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో వడ్డీ చెప్పిన తీరూ అదే. రెండు వేల ఏళ్లలో నాణెం మారింది, రాజ్యాలు మారాయి, లిపి మారింది, కానీ లెక్క మారలేదు.

లెక్కతో పాటు నిచ్చెన కూడా మారలేదు. ఎనిమిదో అధ్యాయంలో 142వ శ్లోకం బ్రాహ్మణుడి దగ్గర నూటికి నెలకు రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర ఐదు తీసుకోవచ్చునని చెప్తుంది. ఎవరికి తక్కువ ఉందో వాళ్ల దగ్గరే ఎక్కువ తీసుకొమ్మని దాని అర్థం. ఇప్పుడు దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా ఏ ఊళ్లోనైనా విచారించండి. పట్టాదారు పాసుపుస్తకం, తరి పొలం, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు ఉన్నవారికి రెండు రూపాయలకు దొరుకుతుంది. మావంటి చెల్క రైతుకు మూడు రూపాయలు. కౌలుకు చేసుకునేవాడికీ, కూలికి పోయేవాడికీ, తండాలో ఆడపిల్ల పెళ్లికి అప్పు తెచ్చుకునేవాడికీ ఐదు రూపాయలు. మెట్లు కూడా అవే: రెండు, మూడు, ఐదు. అప్పిచ్చేవారిలో ఎవరూ ఆ శ్లోకాన్ని చదివి ఉండరు. చదవవలసిన అవసరం రాలేదంటే, అది పుస్తకంలో ఉన్నదానికన్నా ఎంత లోతుగా ఊళ్లో దిగిందో ఊహించుకోవచ్చు.

దీనికి ఒక సమాధానం ఉందని నాకు తెలుసు, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. భూమి లేనివాడికి ఇచ్చిన అప్పు మునిగిపోయే ప్రమాదం ఎక్కువ, అందుకే మిత్తి ఎక్కువ, ఇందులో కులం లేదు, వ్యాపారమే ఉంది అంటారు. అర్థశాస్త్రం నిజంగా అలాగే ఆలోచించింది. ధర్మబద్ధమైన వడ్డీ నూటికి నెలకు ఒకటింబావు పణం అనీ, వ్యాపారులకు ఐదు అనీ, అడవి దారుల్లో సరుకు తోలేవారికి పది అనీ, సముద్రం మీద పోయేవారికి ఇరవై అనీ అది చెప్పింది. అక్కడ మెట్లు పుట్టుకను బట్టి లేవు, దారిలో ఉన్న ప్రమాదాన్ని బట్టి ఉన్నాయి. ఓడ మునిగే ప్రమాదానికి ఇరవై పణాలు అడగడంలో ఒక న్యాయం కనిపిస్తుంది, ఎందుకంటే ఓడ ఒడ్డుకు చేరితే లాభమూ అంతే ఉంటుంది. ఐదు రూపాయలకు తెచ్చి ఆసుపత్రిలో కట్టే కూలి మనిషికి ఏ ఒడ్డు చేరితే ఏ లాభం వస్తుంది? అతనికి భూమి ఎందుకు లేదన్న ప్రశ్న కూడా అడగాలి. తరతరాలుగా భూమి పట్టా కొన్ని ఇళ్లకే ఎందుకు చేరిందో, కొన్ని ఇళ్లు ఎందుకు జీతానికే ఉన్నాయో తెలిసిన జిల్లా మనది. అలా పుట్టిన లేమిని చూపించి, దానికే ఎక్కువ మిత్తి వేస్తూ, ప్రమాదాన్ని బట్టి వేశామనడం, పాత నిచ్చెనను కొత్త పేరుతో నిలబెట్టడమే అవుతుంది.

జీతం అన్నాను కనుక, మనుస్మృతి అదే ఎనిమిదో అధ్యాయంలోని 177వ శ్లోకాన్నీ చెప్పాలి. అప్పు తీర్చలేని బాకీదారుడు సమానుడో తక్కువ జాతివాడో అయితే పని చేసి తీర్చాలనీ, పై జాతివాడైతే మెల్లమెల్లగా డబ్బుతో తీర్చుకోవచ్చుననీ అది అంటుంది. నిజాం కాలంలో మన వైపు భాగేలా అని పిలిచిన మనిషి ఈ శ్లోకంలో నుంచి నడిచి వచ్చినట్టే ఉంటాడు. పెళ్లికి తెచ్చిన కొద్దిపాటి అప్పుకు తండ్రి జీతముండి, ఆ బాకీ తీరకుండానే చనిపోతే కొడుకు ఆ గొడ్ల వెంటే పోయేవాడు. గింజల అప్పుకు నాగు ఉండేది: విత్తనాల కాలంలో ఒక పుట్టి తెచ్చుకుంటే కల్లం కాలానికి పుట్టిన్నర కొలవాలి. బాబిలోనులో హమ్మురాబి ధాన్యం అప్పుకు మూడో వంతు, వెండి అప్పుకు ఐదో వంతు వడ్డీని పరిమితిగా పెట్టాడు. నాలుగు వేల ఏళ్ల కిందటి ఆ రేటు కన్నా మన తాతల నాగు పైన ఉంది, అదీ కొన్ని నెలలకే. నల్లగొండ జిల్లా 1946 నుంచి 1951 దాకా ఎందుకు మండిందో పిల్లలకు చెప్పేటప్పుడు నేను దొరల గడీల కన్నా ముందు ఈ నాగు లెక్కనే బోర్డు మీద వేస్తాను. వెట్టి పనినీ, దానికి కారణమైన బాకీనీ రద్దు చేసిన చట్టం 1976లో గాని రాలేదు.

హమ్మురాబి గురించి చెప్పవలసింది ఇంకా ఉంది. క్రీస్తుపూర్వం పద్దెనిమిదో శతాబ్దంలో చెక్కించిన, రెండు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ నల్లరాయి 1901–02లో ఇరాన్‌లోని సూసా తవ్వకాల్లో బయటపడింది, ఇప్పుడు ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కంటికి కన్ను అనే ఒక్క మాటతోనే దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఆ కన్ను కూడా సమానుల మధ్యనే. బానిస కన్ను పోగొడితే అతని ధరలో సగం అతని యజమానికి కడితే సరిపోయేది. అంటే అక్కడా నిచ్చెన ఉంది, దాన్ని నేను దాచడం లేదు. కానీ దానిమీద ఉన్న 282 చట్టాల్లో 48వది నన్ను నిద్రపోనీయలేదు. అప్పు ఉన్న రైతు పొలాన్ని వరద ముంచినా, నీళ్లు లేక పంట పండకపోయినా, ఆ ఏడు అతను అప్పిచ్చినవాడికి గింజలు కొలవనక్కరలేదు, ఒప్పందం రాసిన మట్టి పలకను నీటిలో తడపాలి, ఆ ఏటి వడ్డీ కట్టనక్కరలేదు అని ఉంది అందులో. నీళ్లు పడని బోరు కోసం తెచ్చిన అప్పుకు ఆరేళ్లూ నెల తప్పకుండా మిత్తి లెక్కగట్టిన కాగితాన్ని చూసినదాన్ని, ఆ వాక్యాన్ని ఎట్లా చదవగలను? కరువు రైతు తప్పు కాదన్న చిన్న సంగతిని యూఫ్రటీసు ఒడ్డున ఒక రాజు రాతి మీద చెక్కించాడు. మన ప్రామిసరీ నోటులో ఆ వాక్యానికి చోటు లేదు.

అదే రాతి మీద 117వ చట్టం, బాకీ కింద భార్యనో బిడ్డలనో పనికి పెట్టవలసి వస్తే వాళ్లు మూడేళ్లు చేసి నాలుగో ఏట విడుదల కావాలంటుంది. 241వది, బాకీ కింద ఎద్దును పట్టుకుపోయినవాడు జరిమానా కట్టాలంటుంది. యూదుల ధర్మశాస్త్రం తిరగలిని తాకట్టు పట్టవద్దంటుంది, ఎందుకంటే అది పట్టుకుపోతే ప్రాణాన్నే తాకట్టు పట్టినట్టు. ఏడేళ్లకొకసారి అప్పుల విడుదలనూ అదే చెప్పింది. ఏథెన్సులో సోలోన్ క్రీస్తుపూర్వం 594లో మనిషి ఒంటిని తాకట్టుగా పెట్టి అప్పివ్వడాన్ని మాన్పించాడు. రోము క్రీస్తుపూర్వం 326లో అప్పు బానిసత్వాన్ని తీసేసింది. వీళ్లంతా దయగల ప్రభువులని నేను అనను. అప్పులో మునిగి బానిసైన రైతు పన్ను కట్టలేడు, యుద్ధానికి రాలేడు. ఆ సంగతి రాజులకు తెలుసు. బాబిలోను రాజులు సింహాసనం ఎక్కినప్పుడూ, మధ్యమధ్యనూ, సాగు అప్పులను రద్దు చేస్తూ శాసనాలు వేసిన కారణం కూడా అదే. మన రాష్ట్రంలో 2014లో లక్ష దాకా, 2024లో రెండు లక్షల దాకా చేసిన రుణమాఫీలు ఆ దారిలోనివే అయినా, అవి బ్యాంకు పంట రుణాలకు మాత్రమే. ఆసామి చేతిలోని నాలుగు మడతల కాగితం దాకా అవి రావు.

ఈ ఎద్దు సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. చిన్నప్పుడు మా వాడకట్టులో ఒకరి ఎడ్ల జతను బాకీ కింద తోలుకుపోవడం నేను చూశాను. ఆ ఇంటామె గుంజలకు మిగిలిన పలుపులను ముడివేసుకుంటూ కూర్చుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను రైతు దున్నుకునే ఎడ్లను, పనిముట్లను జప్తు చేయరాదంటుంది, చేతిపనివాడి పనిముట్లనూ ముట్టరాదంటుంది. అంటే ఎద్దును కాపాడిన హమ్మురాబి వాక్యమూ, తిరగలిని కాపాడిన వాక్యమూ మన కోర్టులో ఈనాటికీ చెల్లుతున్నాయి. చెల్లనిది మా వాడకట్టులోనే. ఎడ్లను తోలుకుపోయినవాడు కోర్టు గడప తొక్కలేదు కనుక ఆ సెక్షను అతనికి అడ్డు రాలేదు.

ఇక మన శాస్త్రాలు కట్టిన కళ్లెం ఏమైందో చూద్దాం. నిచ్చెనను చెప్పిన అదే మనుస్మృతి, 151వ శ్లోకంలో, డబ్బు మీద వడ్డీ ఒకేసారి తీసుకుంటే అసలుతో కలిపి రెట్టింపును దాటరాదన్నది. దీన్నే దాందుపట్ అంటారు. బ్రిటిషు కాలంలో బొంబాయి రాష్ట్రంలోనూ, కలకత్తా నగరంలోనూ న్యాయస్థానాలు హిందూ బాకీదారుల విషయంలో దీన్ని అమలు చేశాయి. బొంబాయి వడ్డీ వ్యాపారుల చట్టం 1946లో, మతంతో పని లేకుండా, వడ్డీ అసలును మించకూడదన్న నియమంగా దాన్ని నిలబెట్టింది. ఆ లెక్కన మా నాయన బాకీ ఎన్నేళ్లు గడిచినా 80,000 దగ్గర ఆగిపోవాలి. ఎందుకు ఆగలేదు? జవాబు అదే అధ్యాయంలో, మూడు నాలుగు శ్లోకాల అవతలే ఉంది. చక్రవృద్ధినీ, ఒంటి కష్టంతో కట్టించుకునే వడ్డీనీ 153వ శ్లోకం కాదన్నది. అప్పు తీర్చలేక కొత్త ఒప్పందం కోరేవాడు అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి పత్రాన్ని మార్చుకోవచ్చునని 154 చెప్తే, ఆ వడ్డీ కూడా కట్టలేనివాడు దాన్ని కొత్త పత్రంలోనే చేర్చి రాయాలని 155 చెప్పింది. ముందు శ్లోకంలో మూసిన తలుపును ఇక్కడ తెరిచారు. మూడేళ్లకొకసారి నోటు తిరగరాయడం అనే మన ఊరి పద్ధతి అచ్చంగా ఇదే. తిరగరాసిన ప్రతిసారీ మిత్తి అసలైపోతుంది, రెట్టింపు లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

అందుకే, మన పూర్వులు అన్నీ ఆలోచించే పెట్టారని చెప్పేవారితో నేను ఏకీభవించలేను. కళ్లెం వేసిన చేతులే దాన్ని జార్చుకునే ముడినీ వేశాయి. మహాడ్‌లో 1927 డిసెంబరు 25న అంబేడ్కర్, ఆయన సహచరులు మనుస్మృతిని తగలబెట్టడం న్యాయమేనని నేను తరగతిలో చెప్తాను, ఇక్కడా చెప్తున్నాను. ఆ మంట వల్ల ఆ గ్రంథానికి ఉన్న గౌరవం కాలింది, అది కాలవలసిందే. కానీ ఎవరూ గ్రంథం తెరవకుండానే నడిచే మిత్తి నిచ్చెనకు ఆ మంట తగలలేదు. బ్రిటిష్ ఇండియాలో 1918లో వచ్చిన అధిక వడ్డీల చట్టం, తిరగరాసిన నోటు వెనక్కి వెళ్లి మొదటి అప్పు దాకా లెక్క తిరగదోడే అధికారాన్ని న్యాయస్థానాలకు ఇచ్చింది. ఆ 155వ శ్లోకపు తలుపును మూయబోయిన చట్టాల్లో అదొకటి. ఆనాడు మనం నిజాం రాజ్యంలో ఉన్నాము, అది మనకు వర్తించలేదు.

పానగల్లు మా ఇంటికి దగ్గర. సెలవురోజుల్లో పిల్లలను తీసుకొని ఛాయా సోమేశ్వరాలయానికి పోతుంటాను. ఆ చుట్టుపక్కల ఏలిన కందూరు చోడులు కల్యాణి చాళుక్యుల సామంతులు. ఆ చాళుక్యులలో ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా ఏలాడు, అతని రాజధానిలోనే విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తి తగాదాలన్నిటికీ, బెంగాలు వైపు తప్ప, దేశమంతటా ఆధారమైనది ఆ గ్రంథమే. తిక్కన కాలంవాడైన కేతన పదమూడో శతాబ్దంలో దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే మా నాలుగెకరాల చెల్కను ఎవరు పంచుకోవాలో తేల్చిన శాస్త్రం ఎక్కడినుంచో రాలేదు, మా పానగల్లును ఏలిన ప్రభువుల ప్రభువు కొలువులో పుట్టింది.

ఆ శాస్త్రం కొడుక్కి రెండు ఇచ్చింది. పుట్టుకతోనే తాత ఆస్తిలో హక్కు ఒకటి, తండ్రి చనిపోతే ఆయన అప్పు తీర్చవలసిన బాధ్యత ఇంకొకటి. తాగుడుకు, జూదానికి చేసిన అప్పు కొడుకు కట్టనక్కరలేదని మినహాయింపు ఉంది. తాత అప్పుకు మనుమడు అసలు మాత్రం కడితే చాలునని బృహస్పతి స్మృతి చెప్పింది. కూతురికి ఆ రెండూ లేవు. మన ఉమ్మడి రాష్ట్రం 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు పుట్టుక హక్కును ఇచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న వచ్చిన సవరణ కూతుళ్లందరినీ కొడుకులతో సమానం చేసింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, అదే 2005 సవరణలో, అదే ఆరో సెక్షనులో, తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న ఒక్క కారణంతో ఆ తరువాత చేసిన అప్పులకు కొడుకుల మీద దావా నడవదని కూడా రాశారు. చనిపోయినవాడి ఆస్తి ఎంత చేతికి వచ్చిందో అంతవరకే వారసుల బాధ్యత.

ఇదంతా నేను పంచాయితీలో చెప్పాను. ఆసామి కోపగించుకోలేదు, మెత్తగానే మాట్లాడాడు. "మీ నాయిన ఉన్నన్ని దినాలు నేనేమన్న గట్టిగ అడిగిన్నా? కొడుకు ఉన్నంక బాకీ యాడికి పోతది?" అన్నాడు. కూర్చున్న పెద్దమనుషులు తలలూపారు. ఎనిమిది వందల ఏళ్ల పైబడిన మితాక్షరను వాళ్లు తలలూపి ఒప్పుకున్నారు, 2005 నాటి చట్టాన్ని విని ఊరుకున్నారు. వాళ్లలో ఒక ముసలాయన, మా నాయనతో కలిసి ఆముదాలు అమ్మడానికి బండి కట్టుకొని పోయిన మనిషి, మాత్రం, "అసలుకు అంత మిత్తి వచ్చిందంటే చాలు, ఆపైన తినేది మంచిది గాదు" అన్నాడు. ఆయనకు చదువు రాదు, దాందుపట్ అన్న మాట వినలేదు. కానీ 151వ శ్లోకంలో ఉన్న కళ్లెం ఆయన నోటిలో ఇంకా మిగిలి ఉంది. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 1,20,000కు తెగింది, రెండు రూపాయల మిత్తికి కొత్త నోటు రాయాలన్నారు.

అప్పుడు నేను, నోటు మీద నా సంతకం కూడా ఉంటుందన్నాను. చెల్కలో నాకు వాటా ఉంది, చెల్క కోసం చేసిన అప్పులోనూ ఉంటుంది. పెద్దమనుషులు ఒప్పుకోలేదు. "ఆడబిడ్డవు, నీకెందుకమ్మ ఈ బాధ, నీ అత్తగారింట్ల నువ్వు సల్లంగుండు" అన్నారు. వాళ్ల గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. అయితే అప్పులో నా పేరు పడితే పొలంలోనూ పడుతుందన్న సంగతి ఆ చెట్టు కింద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. రాసే మనిషి మా అన్న పేరు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, కలం మూత పెట్టబోయాడు. అన్న ఆ కలాన్ని అతని చేతిలోనుంచి తీసుకొని, తన పేరు కింద ఒక గీత జాగా విడిచి, నాకు ఇచ్చాడు.